పాత యిండ్లస్థలములు, కొత్త కంచెలు

కొత్త అమావాస్యనాటి నూకాలమ్మవారి జాతర దాటి, ఉగాది పచ్చడి తిన్న పిమ్మట అనకాపల్లి ప్రాంతపు రైతునకు కొంత తీరిక దొరకును. చెరకు గానుగలు చాలవరకు ఆగిపోవును. బెల్లము మార్కెట్టుకు చేరి, లెక్కలు తేలి, చేతిలో నాలుగు డబ్బులు నిలిచినవాడు అప్పుడు ఇంటివైపు చూచును. పెంకులు సర్దింతమా, పశువులశాల మార్తుమా యని తలపోయును. మొదట కంటబడునది పెరటి దడి. తాటాకు చివికిపోయినది, కంప క్రుంగినది, ఎదుటివారి మేక దినదినము లోపలికి జొరబడి బెండమొక్కలు కొరుకుచున్నది. ఇక ఈ యేడు గట్టి కంచె వేయింతమని నిశ్చయించి మేస్త్రీకి కబురు పంపును.

ఆ కబురు పంపుటకు ముందు ఒక్క వారము ఆగుడని కోరుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము కంచెలకు విరోధులము కాము. కంచె లేని పెరడు ఊరి పశువుల పాలు. కట్టుదిట్టము లేని నుయ్యి పసిపిల్లలకు మృత్యువు. వెనుకటి కాలమున పరుల పైరు మేసిన పశువును తోలి పెట్టుటకు బందెలదొడ్డి యుండెడిది. 1871 నాటి పశువుల అక్రమప్రవేశ చట్టము ననుసరించి జుల్మానా కట్టి దానిని విడిపించుకొనవలసివచ్చెడిది. ఇప్పుడు పెక్కు గ్రామములందు బందెలదొడ్డి పేరు మిగిలినది. పశువు మాత్రము యథాప్రకారముగా తిరుగుచునే యున్నది. కావున ఎవరి కాపుదల వారు చూచుకొనవలసినదే. అయితే ఇటీవల మన గ్రామములందు లేచుచున్న కంచెలలో పశువును ఆపుటకు వేయునవి తక్కువ, పొరుగువానిని ఆపుటకు వేయునవి ఎక్కువ యని మాకు తోచుచున్నది. విశాఖపట్టణము ఇటువైపు పెరుగుచు వచ్చినది. అనకాపల్లి పురపాలకసంఘము 2013లో మహా విశాఖ నగరపాలకసంస్థలో కలిసినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి వేరు జిల్లాయైనది. ఒకప్పుడు పేడకుప్ప వేసికొనుటకు మాత్రమే పనికివచ్చిన మూల నేడు గజములలో బేరమాడబడుచున్నది. అట్టి మూలమీద కంచె పడునప్పుడు అన్నదమ్ముల నడుమ మాటలాగిపోవుట వింత కాదు.

పాత యింటిస్థలమునకును పంటపొలమునకును గల భేదమును మొదట గ్రహింపవలెను. పొలమునకు సర్వే నంబరు కలదు, పటము కలదు, మూలలయందు రాళ్లు కలవు. రాయి పోయినను పటములోని కొలతలను బట్టి 66 అడుగుల గొలుసు లాగి తిరిగి పాతవచ్చును. ఇంటిస్థలము సంగతి అట్టిది కాదు. ఊరి నడుమ నివాసములుండు భూమియంతయు సామాన్యముగా గ్రామకంఠమను పేర ఒకే నంబరులో చేరియుండెను. ఆ నంబరు లోపల ఎవరి యిల్లెక్కడ ముగియునో, ఎవరి పెరడెక్కడ మొదలగునో ప్రభుత్వపు లెక్కలు చాలకాలము పట్టించుకొనలేదు. ఏలయనగా ఆ భూమిపై సిస్తు లేదు. సిస్తు లేనిచోట లెక్క యెందుకని దొరలు తలంచిరి కాబోలు.

మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. పూర్వపు విశాఖపట్టణము జిల్లాలో అధికభాగము 1802 నాటి శాశ్వత పైసలా క్రింద జమీందారీ యయ్యెను. ఎస్టేటు గ్రామములందు నివాసస్థలము ఒకనికి చేరుట ఠాణా అనుమతివలననో, కరణము నోటిమాటవలననో, తాత ముత్తాతల అనుభవమువలననో జరిగెడిది. కాగితము పుట్టినది అరుదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముచే జమీందారీలు పోయినవి. ఇండ్లు మాత్రము ఎవరివి వారికే నిలిచినవి. అంతకు ముందు 1905 నాటి భూ ఆక్రమణల చట్టము సయితము ఇంటిస్థలముగను పెరడుగను ఒకరికి చెందియున్న భూమిని సర్కారు భూమినుండి మినహాయించినది. కావున గ్రామకంఠమను మాట విని అది ప్రభుత్వపు భూమి యని బెదరవలసిన పని లేదు. కాని తన హద్దును తానే రుజువు చేసికొనవలసిన భారము రైతుమీద పడినది. అందులకు వెనుక కరణము ఆధారము. ఆయన పుస్తకము కంటె ఆయన జ్ఞాపకము పెద్దది. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినవి. ఆ మార్పు మంచిదా చెడ్డదా యను చర్చ ఇచట అనవసరము. ఆ జ్ఞాపకము మాత్రము వారితోనే పోయినది. ఇప్పటి గ్రామ సచివాలయములోని సర్వేయరు చదువుకొన్నవాడు, పనిముట్లు కలవాడు. అయినను మీ తాతగారి దడి వేపచెట్టునకు ఇవతల నుండెనా, అవతల నుండెనా యని అతడెట్లు చెప్పగలడు?

కావున మొట్టమొదట పెట్టె దించి పాత దస్తావేజు తీయవలెను. అందులో స్థలము కొలత యొకచోటను, చెక్కుబంది యొకచోటను ఉండును. తూర్పున ఫలానావారి గోడ, దక్షిణమున వీధి, పడమట ఫలానావారి పెరడు, ఉత్తరమున నడవసందు అని వ్రాయుదురు. కొలత బారలలోనో, మూరలలోనో, గజములలోనో ఉండును. బార యెవరి బార? కొలిచినవాడు పొడగరియైన లాభము, పొట్టివాడైన నష్టము. ఇందుచేతనే కొలతకును చెక్కుబందికిని పొత్తు కుదరనప్పుడు సామాన్యముగా హద్దుల వర్ణననే న్యాయస్థానములు ఎక్కువగా నమ్ముచుండును. దస్తావేజులో 200 గజములని యున్నది, నాకు 190 గజములే తేలుచున్నవి, కనుక తక్కిన పది గజములు పొరుగువాడు మ్రింగినాడు అను వాదము మన రచ్చబండలమీద నిత్యము వినబడుచున్నది. ఆ వాదము చాలసార్లు నిలువదు. పది గజములన నెంత? అరువది అడుగుల పొడవు హద్దున ఒక మూర వెడల్పు. పాత తాటాకు దడి మందమును, దాని ప్రక్క పెరిగిన కంపను లెక్కించినచో ఆ మూర దడిలోనే దాగియుండవచ్చును.

ఇక్కడ మా సొంత సంగతి యొకటి చెప్పక తప్పదు. ఇతరులకు బుద్ధులు చెప్పువారు తమ తప్పు దాచుట మర్యాద కాదు. మా యింటికి పడమటి ప్రక్కన ఒక ముసలమ్మ యుండెడిది. వరుసకు మాకు పెద్దమ్మ. ఇరువురి పెరళ్లకు నడుమ ఎప్పటినుండియో తాటాకు దడి. దానిని తీసి రాతిగోడ కట్టింప దలచితిమి. మేస్త్రీ రెండు మూలలయందును మేకులు కొట్టి త్రాడు బిగించెను. త్రాడు బాణమువలె నుండెను. చూచి మేమును సంతోషించితిమి. పాత దడి నడుమ మావైపు కొంచెము వంగియుండెననియు, అట్లు వంగుటకు కారణ ముండవచ్చుననియు మాకు తట్టలేదు. రెండు మూలలును మావే కదా, నడుమ గీత తిన్నగా నున్న తప్పేమి యనుకొంటిమి. పెద్దమ్మ గోడ లేచుచున్నంత కాలము చూచినది, ఒక్క మాట యనలేదు. ఆషాఢములో వానలు పట్టినవి. ఆమె పెంకుటింటి చూరునీరు వెనుక దడి క్రిందుగా జారి కాలువలోనికి పోయెడిది. ఇప్పుడు మా గోడకు తగిలి ఆమె మట్టిగోడ మొదట నిలువసాగెను. మూడవ ముసురునకు ఆ గోడ పడమటి కొస కూలినది. ఆ రాత్రి ఆమె వంటింట పండుకొనియుండుటచే ప్రాణము దక్కినది.

మేము పరుగున పోయితిమి. ఆమె కోపపడలేదు. “గోడ మీదే బాబూ, కాదన్ను. మా చూరు నీరు ఎటెల్లాల?” అని అడిగినది. దానికి మా యొద్ద జవాబు లేకపోయెను. గోడలో మూడవవంతు పడగొట్టించి, పాత వంపుననే తిరిగి కట్టించి, ఆమె గోడ మా ఖర్చుతో లేపించితిమి. అయినను సంక్రాంతి వరకు ఆమె మా గుమ్మము త్రొక్కలేదు. పాత దడి వంపును మేము వంకరయనుకొంటిమి. అది ఆమె చూరునకు మా పెద్దలు విడిచిన చోటని తరువాత ఊరిలోని మరియొక వృద్ధుడు చెప్పెను. ఆ వృద్ధుని ముందుగా అడిగియుండినచో రెండు గోడల ఖర్చు మిగిలెడిది.

కావున పాత దడి వంకరగా నున్నచోట మేకు కొట్టకముందు ఆ వంకర యెందులకో విచారింపవలెను. చూరునీరు ఒక కారణము. బండి తిరుగుటకు విడిచిన మూల మరియొకటి. నూతికి పోవు దారి, పశువులను చెరువునకు తోలు దారి, దొడ్డివాకిటి మెట్టు, చెట్టు వేళ్లు, వానకాలపు నీటి వాలు, ఇట్టివన్నియు దడులను వంచియుండును. వీనిలో కొన్ని పెద్దల మన్ననవలన జరిగినవి; కొన్ని కాలక్రమమున హక్కులైనవి. 1882 నాటి అనుభవహక్కుల చట్టము మద్రాసు రాజధానిలో మొదటినుండియు అమలున నున్నది. దాని ప్రకారము ఒకడు తన హక్కుగా, బహిరంగముగా, అడ్డులేక 20 సంవత్సరములు నడచిన దారికిని, పారించిన నీటికిని, ఇంటికి పొందిన వెలుతురు గాలులకును హక్కుదారు డగును. స్థలము నాది, దారి వానిది యను స్థితి యేర్పడును. స్థలము నాదే గదాయని దారిపై కంచె వేసినవాడు కోర్టులో ఓడిపోవుటయే గాక కంచెను తానే తీయవలసివచ్చును.

నడవసందుల విషయమున మేము మరింత కఠినముగా చెప్పదలచితిమి. మన యూళ్లలో సందులు పూర్వము జోడెద్దుల బండికి సరిపోవునట్లుండెడివి. ఒకరు అరుగు కట్టుదురు. ఇంకొకరు అరుగు ముందు పూలమొక్కలకని కంప నాటుదురు. మూడవవారు ఆ కంపవరుస తప్పకుండ ప్రహరీ లేపుదురు. ప్రతివాడును తీసినది బెత్తెడే. కొన్నాళ్లకు సందులో సైకిలు నడుపుట కష్టమగును. వేసవిలో నిప్పు రేగినప్పుడు ఈ బెత్తెళ్ల లెక్క తెలియును. చెరకుచెత్త, గడ్డివాములు, తాటాకు పాకలు దగ్గరదగ్గరగా నుండు మన గ్రామములకు అగ్నిభయము ఎంతటిదో చెప్పనక్కరలేదు. అగ్నిమాపక శకటము ఊరి మొగదల నిలిచి, సందు పట్టక, గొట్టములు చాలక తడబడుచున్నప్పుడు ఎవరి ప్రహరీ ఎవరిని కాపాడినట్లు? పురుటినొప్పులు పడుచున్న కోడలిని మంచముమీద మోసి 108 బండివద్దకు చేర్చిన యిండ్లు మాకు తెలియును. గ్రామవీధులు పంచాయతీవి, వానిపై కంచె వేయు హక్కు ఎవరికిని లేదు. తన సొంత స్థలమైనను, వీధి మూలమలుపున ఉన్నవాడు రెండడుగులు లోపలికి జరిగి కంచె వేసినచో ఆ రెండడుగులు ఊరు మరచిపోదు. ఇది చట్టము చెప్పు మాట కాదు, మేము చెప్పు మాట.

ఇప్పుడు కంచెల తొందర యింత హెచ్చుటకు ఇంకొక కారణము కలదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించినది. డ్రోనులు ఎగురవైచి గ్రామములలోని నివాసస్థలములకు పటములు తీయించి, ఇంటింటికి ఆస్తిపత్రము ఇచ్చుట దాని యుద్దేశము. అదే సంవత్సరము డిసెంబరు 21న ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే మొదలైనది. నూరేండ్లుగా లెక్కకెక్కని గ్రామకంఠమునకు ఈ విధముగా పటము కలుగుట మంచి సంగతియే. ఆస్తిపత్రమున్న యింటిమీద అప్పు పుట్టును, వ్యాజ్యములు తగ్గును అని చెప్పుదురు. తగ్గునని మేమును ఆశించుచున్నాము. కాని డ్రోను ఆకాశమునుండి చూచునది గోడను, కంచెను, సున్నపు గీతను; హక్కును కాదు. అందుచేతనే అది యెగురుటకు ముందు స్థలముల హద్దులకు సున్నము గీయవలెనను పద్ధతి పెట్టిరి. పటము తయారైన తరువాత దానిని గ్రామమున సరిచూపి ఆక్షేపణలు విందురు. ఈ పద్ధతిని అర్థము చేసికొనని కొందరు, సర్వే వచ్చులోపల ముండ్లతీగ ముందుకు జరిపినచో పటములో గీత కూడ ముందుకు జరుగునని తలంచుచున్నారు. మరికొందరు, విశేషముగా విధవలును, వలసపోయి మద్రాసులోనో హైదరాబాదులోనో కూలి చేసికొనుచున్న వారును, కంచె లేకపోవుటచే తమ చోటు పటములో కనబడకుండపోవునని భయపడుచున్నారు. మొదటివారి లెక్క తప్పు. రెండవవారి భయము పూర్తిగా నిరాధారమని చెప్పజాలము.

సర్వే విషయమున రైతులు మరువరాని సంగతి యొకటి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము ప్రకారము హద్దులు నిర్ణయమై ప్రకటన వెలువడిన పిదప ఆ రికార్డే ఖాయమగును. దానితో సమ్మతింపనివాడు 3 సంవత్సరముల లోపల సివిలు కోర్టులో దావా వేయవలెను. నోటీసు వచ్చినప్పుడు పొలములో పని యున్నదని పోకుండుట, సంతకము చేయుమన్నచోట చదువక చేయుట, తరువాత పదియేండ్లు ఏడ్చుట మన యలవాటు. నోటీసు వచ్చిన దినమున ఎంత పనియున్నను ఇంటియొద్ద నుండుడు. మీ గ్రామమునకు ఆ సర్వే యింకను రానిచో, కంచె వేయుటకు ముందే పొరుగువారితో కలిసి సున్నము గీసి, పదిదినములు ఆ గీత నట్లే యుండనిండు. ఎవరికైన ఆక్షేపణ యున్నచో ఆ పదిదినములలో బయటపడును. సున్నము చెరుపుటకు చారెడు నీళ్లు చాలును; గోడ చెరుపుటకు ఎంత కావలెనో మేము అనుభవించితిమి.

హద్దుల తగవు ఈనాటిది కాదు. మనుస్మృతిలో సీమావివాదములకు ప్రత్యేక భాగము కలదు. మర్రి, రావి, మోదుగు, బూరుగు, తాడి, పాలుగల చెట్లు హద్దులయందు నాటవలెనని అందు చెప్పబడినది. అంతకంటె వింతయైనది గుప్తచిహ్నముల సంగతి. మనుష్యులు హద్దుల విషయమున ఎల్లప్పుడును పొరబడుచుందురు గనుక, భూమిలో చెడిపోని రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు, ఇసుక మున్నగువానిని హద్దుక్రింద పాతిపెట్టుమని ఆ గ్రంథము విధించుచున్నది. పైరాయిని ఎవడైన రాత్రివేళ జరిపినను క్రింది బొగ్గును జరుపజాలడు గదా. ఈ యుపాయము నేటికిని పనికివచ్చును. మీరు మూలరాయి పాతునప్పుడు గోతి యడుగున ఒక తట్ట కొలిమిబొగ్గును, పగిలిన పెంకు ముక్కలను పోసి, దానిమీద రాయి నిలిపి, ఆ సంగతి ఇరుపక్షములకును తెలియునట్లు చేయుడు. బొగ్గునకు చెద పట్టదు, అది కుళ్లదు. ఖర్చు లేనిదని దీనిని చిన్నచూపు చూడరాదు.

ఇంటివారిలోనే విచారింపవలసినవారిని మరచుచున్నాము. అన్నదమ్ములు పెరడు పంచుకొని నడుమ కంచె వేయునప్పుడు ఆడపడుచును పిలుచుట మన ప్రాంతమున ఇంకను అరుదు. పసుపుకుంకుమల క్రింద ఏదో యిచ్చితిమి గదాయందురు. ఆంధ్రప్రదేశ శాసనసవరణ వలన 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి, దేశమంతటను 2005 నుండి, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కలిగినది. పాత యింటి పెరడు సామాన్యముగా ఉమ్మడి ఆస్తియే. ఆమె సమ్మతి లేక వేసిన కంచె ఆమె హక్కును ఆపజాలదు. ఆమె బిడ్డలు పెరిగి పెద్దవారైన పిమ్మట ఆ కంచెయే వ్యాజ్యమునకు మూలమగును. ఆమె వాటా వదలుకొనదలచినచో ఆ మాట రిజిస్టరు దస్తావేజుగా ఉండవలెను. వదలుకొననిచో ఆమె చోటు ఆమెకు విడువవలెను. దీనిపై మాకు వచ్చు జాబులలో కొన్ని మమ్ము తిట్టుచు వచ్చునని యెరుగుదుము, రానిండు.

చోటు నిర్ణయమైన పిమ్మట ఎట్టి కంచె? అందరి చూపును ప్రహరీగోడపైననే యున్నది. గోడ గట్టిదే. కాని 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకిననాడు మన ప్రాంతమున ఎన్ని పొడవైన గోడలు మొదలంట పడినవో చూచినవారికి గోడమీద అంత నమ్మకముండదు. నేల నాని, గాలి బలము మొత్తము తాకి, పునాది చాలని గోడ ఒక్కపెట్టున ఒరిగిపోవును. కంచె గాలిని తనగుండ పోనిచ్చును. గోడయే కట్టదలచినచో నేలమట్టమున నీరు పోవుటకు తూములు విడువవలెను. పునాది అంతయు మీ స్థలములోనే పడవలెను. గోడ ముఖము హద్దున నుండి పునాది పొరుగువారి నేలలోనికి దిగిన తగవులు మేము చూచియున్నాము.

స్తంభములు పాతి ముండ్లతీగ కట్టువారు ఏడడుగుల స్తంభమును రెండడుగులు భూమిలో దింపి, ఎనిమిది పది యడుగుల కొకటిగా నిలుపుట మేలు. మూలస్తంభములకు లోపలివైపు ఏటవాలు ఊతము లేనిచో తీగ బిగించిన నెలకే ఒరగును. తాటిమొద్దులు వాడువారు అడుగుభాగమును నిప్పులో పైపైన మాడ్చి తారు పూసినచో చెద కొంత ఆగును. అడవిపందుల బెడదకని ఇంటి కరెంటును తీగకు తగిలించుట కొందరు నేర్చిరి. ఇది కంచె కాదు, కొలగుండము. పంది చచ్చునో లేదో గాని, తెల్లవారుజామున పొలమునకు పోవు మనుష్యుడు చచ్చుచున్నాడు. తగిలించినవాడు చెరసాలకు పోవుచున్నాడు. ఈ బులెటినులో మరియొకసారి దీనిని గూర్చి వ్రాయవలసిన యవసరము కలుగకుండుగాక.

మా యిష్టము జీవకంచెమీద నున్నది. మన పెద్దలు వావిలి, గోరింట, సీమచింత, గచ్చపొద, అడవియాముదము, కిత్తనార మున్నగువానితో కంచెలు పెంచిరి. నాగజెముడు కంచె ఒకప్పుడు రాజధాని యంతటను అల్లుకొని, వేసినవానికే శత్రువై, పొలములను కప్పివేసినది. 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక జాతి పురుగు దానిని తినివేయుటచే దక్షిణదేశమున ఆ బెడద తగ్గినది. ఏ మొక్కనైనను దాని స్వభావము తెలిసి నాటవలెనని చెప్పుట కీ కథ. అడవియాముదపు గింజ విషము. చిన్నపిల్లలున్న యింట దానిని నాటవలదు. వెదురు అందమైనదే గాని పదియేండ్లలో పొరుగువారి పెరటిలో మొలకెత్తును. గోరింట, వావిలి మంచివి. పశువు వావిలిని అంతగా ముట్టదు, కొమ్మ నాటిన చాలును, కత్తిరించిన కొలది దట్టమగును, ఆకు ధాన్యపు గాదెలలో పురుగునకు వేయవచ్చును. మొక్కల వరుసను హద్దుమీద కాక రెండడుగులు లోపల నాటవలెను. పెరిగినప్పుడు మీ కంచె మీ హద్దులోనే యుండును. పెద్దచెట్లను హద్దున నాటుట మాకు సమ్మతము కాదు. మునగచెట్టు ఒకరిది, కాయలు వ్రాలినది ఇంకొకరి పెరటిలో, ఈ పులుసుతగవు తీర్చుటకు ఇంతవరకు ఏ చట్టమును చాలలేదు.

పొరుగువారితో కుదిరిన మాటను కాగితముమీద పెట్టుడు. రెండు ప్రతులు, ఇరువురి సంతకములు, ఇద్దరు సాక్షులు, ఒక చిన్న పటము. పటములో కొలతలు కదలని గుర్తులనుండి వ్రాయవలెను: నూతి వర, గుడి ధ్వజస్తంభము, పాత పునాది మూల. చెట్టునుండి కొలువరాదు, చెట్టు లావగును, పడును. కంచె ఎవరి ఖర్చు, మరమ్మతు ఎవరిది, చూరునీరు ఎటు పోవును అను మూడు సంగతులు తప్పక వ్రాయుడు. హద్దు సర్దుబాటులో ఒకరి చోటు మరియొకరికి మారునట్లున్నచో ఆ కాగితము చాలదు, రిజిస్టరు చేయింపవలెను. అనకాపల్లి పట్టణ పరిధిలోనివారు నగరపాలకసంస్థ యనుమతి విషయమును, పల్లెలవారు పంచాయతీని ముందుగా కనుగొనవలెను. అప్పటికే తగవు ముదిరియున్నచో కోర్టుకంటె ముందు లోక్ అదాలతు కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద అచట కుదిరిన రాజీ కోర్టు తీర్పువలె చెల్లును. దానిపై అప్పీలు లేదు. కోర్టు రుసుము లేదు. పది గజములకై మూడు తరములు వకీళ్లను పోషించుటకంటె ఇది మేలు కాదా?

సహకారసంఘముల సభ్యులకు ఇంకొక సూచన. ఒక వీధిలో ఎనిమిది యిండ్లవారు ఎనిమిది వేళల ఎనిమిది రకముల కంచెలు వేయుటకంటె, ఒకేసారి కూర్చుండి వీధి పొడవునను హద్దులు తేల్చుకొని, స్తంభములును తీగయు సంఘము ద్వారా టోకుగా తెప్పించుకొన్నచో ధర తగ్గును, లారీ కూలి పంచబడును. ఇంతకంటె ముఖ్యమైనది, నడుమ హద్దునకు రెండు కంచెలు పడవు. ఇద్దరి నడుమ ఒకే కంచె, సగము సగము ఖర్చు. 1904 నాటి చట్టముతో మన దేశమున సహకారసంఘములు అప్పులకొరకు పుట్టినవి. తరువాత ఎరువులు, విత్తనములు, చక్కెర మిల్లుల వరకు వచ్చినవి. కంచెల వరకు రాగూడదను నియమమేమియు లేదు. ఈ యేడు వేయదలచినవారు హద్దు కాగితము పూర్తిచేసికొని, ఎన్ని స్తంభములు కావలయునో వైశాఖ పౌర్ణమి లోపల సంఘ కార్యాలయమున వ్రాయించుడు. హద్దు కాగితము లేనివారి పేరు జాబితాలో చేర్చవలదని మేము పాలకవర్గమునకు సలహా యిచ్చితిమి. వావిలి కొమ్మలు కావలసినవారు తొలకరి పడిన వారములో సంచులు తెచ్చుకొనవచ్చును. మా పెరటిలోని పాత వంపున అవి బాగుగా పెరిగియున్నవి.